మావయ్య బండి, నేను పీకేసిన బటను

మా మావయ్య బండి స్టార్ట్ చేసే ముందు ఒడియాలో ఇరవై లెక్కపెట్టేవాడు. ఎకొ, దుయి, తిని, చారి... అలా కొడియె దాకా. అప్పుడు సెల్ఫు కొట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, తిట్టేది తెలుగు, దేవుడి దగ్గర చదువుకునేదీ తెలుగే, లెక్క మాత్రం ఒడియా. ఎందుకంటే సంతలో పనసకాయలు, అనాసపళ్లు లెక్కపెట్టి బండికెక్కించే కుర్రాళ్లు ఒడియాలో లెక్కపెడతారు, రోజూ వాళ్లతో పాటు లెక్కపెట్టీ పెట్టీ ఆయన నోటికి అదే అలవాటైపోయింది.

మాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి గారు బళ్లో పాఠాలు చెప్పుకుంటూ కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్న ఊరు అంటే గుర్తుపడతారేమో. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్లిపోయాం గానీ పాతపట్నం వైపు కాస్త దూరం వెళ్తే ఆంధ్రాయే. బండి డాష్‌బోర్డు మీద జగన్నాథుడూ వెంకటేశ్వరస్వామీ పక్కపక్కనే ఉండేవారు, ఇద్దరికీ కలిపి ఒకటే అగరొత్తి.

బండి టాటా మొబైల్ 206, 1990లో కొన్నాడు. ఈ పికప్ వచ్చింది 1988లో. అప్పటికి మా వైపు జనం చూసినవి జీపులూ లారీలే, ఇదేమో ముందు కారులా, వెనక లారీలా ఉండేది, పిల్లలం చుట్టూ తిరిగి చూసేవాళ్లం. తర్వాత 1994లో వచ్చిన సుమోకి కూడా మూలం ఇదే, ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. నంబరు ఓఆర్-07, అంటే గంజాం జిల్లా. 1992లో మా ఊరు గజపతి జిల్లా అయింది, కొత్త బళ్లకి ఓఆర్-20 వచ్చింది. మావయ్య మాత్రం తన 07 చూపించి "మేం జిల్లా కంటే పెద్దోళ్లం రా అల్లుడూ" అనేవాడు.

నువాగడ, గుమ్మ, సెరంగో, రామగిరి, ఇవీ ఆయన సంతలు. వేసంకాలంలో అనాసపళ్లు, పనసకాయలు, చింతపండు, తర్వాత అల్లం, పసుపు. సెలవల్లో నన్నూ తీసుకెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు వెనక అనాస వాసన ఎంత గట్టిగా ఉండేదంటే ఇంటికొచ్చాక కూడా నా చొక్కా అదే వాసన కొట్టేది, అమ్మ విసుక్కునేది. పాతపట్నం దారిలో ఒక్కోసారి మా చిన్న రైలు కనిపించేది, నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రెండున్నర అడుగుల గేజి రైలు. దాన్ని దాటేసి గేటు దగ్గర ముందుగా నిలబడటం మావయ్యకి పెద్ద సరదా. ఆ రైలుని దాటడానికి బండి అక్కర్లేదు, మంచి సైకిలున్నా చాలు, కానీ నేను మాత్రం చప్పట్లు కొట్టేవాణ్ని. 2004లో బ్రాడ్‌గేజి పనుల కోసం ఆ రైలు ఆపేశారు.

రెండేళ్లకి మావయ్య బండీ ఆగిపోయింది. షుగరు, కంటి చూపు తగ్గడం, పైగా పిల్లలు విశాఖపట్నంలో స్థిరపడ్డారు. వెనక దొడ్లో పనసచెట్టు కింద పెట్టేసి తాళం మేకుకి తగిలించి వెళ్లిపోయాడు. ఆరేళ్లు అలాగే ఉంది. కోళ్లు సీటు కింద గుడ్లు పెట్టేవి, అత్త ఊరొచ్చినప్పుడల్లా తలుపు తీసి గుడ్లు ఏరుకునేది, అంతవరకే బండి వల్ల ఉపయోగం. 2012లో పాత ఇనుప సామాను వాడు కిలో లెక్కన బేరం పెట్టాడు. అత్త దాదాపు ఒప్పేసుకుంది. నాకప్పుడే ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది, పెళ్లి కాలేదు, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, బుద్ధి తక్కువగా ఉంది. ఆ ఇనుప సామాను వాడి కంటే రెండు వేలు ఎక్కువిచ్చి నేనే ఉంచేసుకున్నా.

మేస్త్రీ సంగతి చెప్పాలి. పాతపట్నం రోడ్డులో రేకుల షెడ్డు, బోర్డు లేదు. మావయ్య బండి మొదటి నుంచీ ఆయన చేతిలోనే పెరిగింది. దొడ్లోకొచ్చి బానెట్ ఎత్తి, కళ్లజోడు పైకి తోసుకుని ఒక్క మాటన్నాడు, "సెల్ఫు ముట్టుకోకు బాబూ." నేను అప్పటికే కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చి పెట్టుకున్నా.

ఆరేళ్లు కదలని ఇంజన్‌కి ఒక్కసారిగా సెల్ఫు కొడితే లోపల ఎండిపోయిన పిస్టను రింగులు సిలిండర్ గోడని గీకేస్తాయట. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు నాలుగూ విప్పి, ఆ కన్నాల్లోంచి కాస్త కాస్త ఆయిల్ పోసి మూడు రోజులు వదిలేశాడు. నాలుగో రోజు క్రాంక్ పుల్లీ బోల్టుకి పెద్ద పానా వేసి, దానికి పైపు తొడిగి చేత్తో తిప్పాడు. మొదట కదల్లేదు. కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి, అలా ఊపగా ఊపగా ఒక్కసారి మెత్తగా తిరిగింది. నాజిల్ కన్నంలోంచి నల్లటి ఆయిల్ ఎగిరి ఆయన బనీను మీద పడింది. "బతికే ఉంది" అన్నాడు.

ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలక గూడు, అందులో అత్త పాత చీర ముక్కలు. ట్యాంకులో డీజిల్ కాదు, తారు. ట్యాంకు దించి కడిగాం, నాజిళ్లు బరంపురం పంపి టెస్ట్ చేయించాం. మంచి నాజిల్ పొగమంచులా చిమ్మాలి, మావి రెండు పిల్లాడు ఉచ్చ పోసినట్టు పోస్తున్నాయని మేస్త్రీ మాట. మార్చాం. అన్నీ బిగించాక కూడా బండి లేచేది, నిమిషానికి ఆగేది. మళ్లీ లేచేది, మళ్లీ ఆగేది. ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి డీజిల్ ఎక్కించే చేతి పంపు, అదే ప్రైమర్, కొడితే బుడగలు, కొడుతూనే ఉంటే బుడగలు. ఎక్కడో గాలి పీలుస్తోంది, బయటికి చుక్క కూడా కారట్లేదు. కారేదైతే కనపడేది కదా, ఇది లోపలికి పీల్చేది.

రెండు రోజులు బుర్ర గోక్కున్నాక మేస్త్రీ సిమెంటు పనివాళ్లు నీటిమట్టం చూసుకునే ప్లాస్టిక్ పైపు, అదే లెవెల్ పైపు, రెండడుగులు కోసి తెచ్చాడు. డీజిల్ లైన్లో ఒక్కో రబ్బరు పైపు విప్పి దాని బదులు ఇది పెట్టి, లోపల డీజిల్ పారడం కళ్లతో చూసుకుంటూ వచ్చాడు. ట్యాంకు దగ్గరి జానెడు పైపు మార్చినప్పుడు బుడగలు ఆగిపోయాయి. పాత పైపు వంచి చూస్తే సన్నటి బీట, వెంట్రుకంత. కొత్తది ముప్ఫై రూపాయలు. అది బిగించి సెల్ఫు కొడితే తెల్లటి పొగ పనసచెట్టు నిండా కమ్మేసి కోళ్లన్నీ గోడ దూకాయి, పక్కింటి వాళ్లు ఏదో తగలబడిందని బకెట్లతో వచ్చారు.

సామాను దొరకడం అంత కష్టం కాలేదు, సుమో పుణ్యమా అని. ఆ తొలి సుమోల ఇంజను, దీని ఇంజను ఒకటే, 483. ఈ నంబర్ల రహస్యం కూడా మేస్త్రీయే చెప్పాడు. మొదటి అంకె సిలిండర్లు, తర్వాతి రెండంకెలు బోరు, అంటే సిలిండర్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 483 అంటే నాలుగు సిలిండర్లు, 83 బోరు. లారీల్లో వచ్చే 697 అంటే ఆరు సిలిండర్లు, 97 బోరు. 483కి స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 90 కాబట్టి లెక్క కడితే 1948 సీసీ వస్తుంది, ఇంటికెళ్లి నిజంగానే కట్టి చూశా, సరిగ్గా వచ్చింది. పదో క్లాసులో సిలిండర్ ఘనపరిమాణం ఇలా నేర్పి ఉంటే లెక్కల్లో ఇంకో పది మార్కులొచ్చేవి.

ఇక్కడి దాకా బాగానే ఉంది. తర్వాత నాకు పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి బండిని 'మోడిఫై' చేయాలని.

మొదటి దెబ్బ వెనక బరువు మోసే కమాన్ (స్ప్రింగు) పట్టీలకి. ఖాళీగా వెళ్తే బండి మేకపిల్లలా గెంతేది. అమ్మని గుడికి తీసుకెళ్తే మళ్లీ ఎక్కనని రిక్షాలో వచ్చేసింది. విప్పి చూస్తే మామూలుగా ఉండాల్సిన వాటికంటే రెండేసి పట్టీలు ఎక్కువున్నాయి, మావయ్య ఏదో పాత లారీవి కమ్మరి చేత కోయించి వేయించుకున్నాడు. అవి తీయించేశా. వెనక నేలకి మద్ది చెక్క పలకలుండేవి, పీకించి నిగనిగలాడే చెకర్డ్ షీటు, అదే గళ్ల అచ్చున్న రేకు, వేయించా. పైన తాడు కట్టుకునే కొక్కేలు పధ్నాలుగు, చూడ్డానికి బాలేవని గ్రైండర్‌తో కోయించేశా. తర్వాత వెడల్పాటి టైర్లు, కొత్త డిస్కులు, నా మూడు నెలల జీతం. మేస్త్రీ ఆ టైర్ల వైపు చాలాసేపు చూసి, "పెద్దాయన చెప్పులు పిల్లాడేసుకున్నట్టుంది బాబూ" అన్నాడు. నిజమే, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకి రాసుకుని గర్రుమనేది. ఆర్.ఉదయగిరి ఘాటీలో ఒక మలుపులో ఎదురుగా లారీ వస్తే తిప్పడానికి నా భుజాలు చాల్లేదు. ఆ రోజు మోకాళ్లు వణికిన వణుకు ఇంటికొచ్చినా తగ్గలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఎల్ఈడీ లైటు బార్ కథ ఇంకా సిగ్గు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆడించే స్విచ్చి) లేకుండా, ఫ్యూజు లేకుండా హెడ్‌లైట్ స్విచ్చి నుంచే లైను లాగేశా, నా సొంత వైరింగు. కాశీనగర్ నుంచి వస్తుంటే డాష్‌బోర్డులోంచి కాలిన వాసన. ఆపి చూస్తే వైరు తొడుగు కరిగి పక్క వైరుకి అతుక్కుపోయి ఉంది. బ్యాటరీ తీగ పీకేసి రాత్రంతా రోడ్డు పక్కన దోమలతో కూర్చున్నా. అలాంటి లైటు పెట్టుకునేవాళ్లుంటే ఒకటే చెప్తా, బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మధ్యలో రిలే, స్విచ్చి రిలేని మాత్రమే ఆడించాలి. అసలు పెట్టకపోతే ఇంకా మంచిది, ఎదుటివాడి కళ్లు కూడా కళ్లే కదా.

ఆ ఊపులోనే బటను కూడా పీకేశా. హీటర్ బటను.

ఈ ఇంజన్‌కి చలిలో హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి, లేకపోతే లేవదు. డీజిల్ బండికి స్పార్కు ఉండదు, గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఈ పాత రకం ఇంజన్లలో డీజిల్ ముందు ఒక చిన్న గదిలోకి చిమ్ముతుంది, చల్లటి ఇనుము ఆ వేడిని లాగేసుకుంటుంది, అందుకే గదికో హీటరు. ఎప్పుడో దాని రిలే కాలిపోతే మావయ్య కొత్తది కొనలేదు. పాత లారీల్లో సెల్ఫుకి నొక్కే పెద్ద నల్ల బటను ఉండేది చూడండి, అలాంటిదొకటి తెచ్చి స్టీరింగ్ కింద ఎడమ పక్క కన్నం కొట్టి బిగించుకున్నాడు. ఎడమ చేత్తో బటను నొక్కి పట్టుకుని ఇరవై లెక్క, కుడి చేత్తో తాళం. ఎక్కువసేపు పడితే ప్లగ్గులు మాడతాయి, తక్కువైతే బండి లేవదు. టైమరూ రిలే అన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. నేను కొత్త రిలే, డాష్‌బోర్డు మీద చిన్న పసుపు లైటు పెట్టించి, ఆ కన్నం ఎంసీల్‌తో మూయించి రంగు వేయించా. అసలక్కడ ఏదో ఉండేదని కూడా తెలీదు, అంత నున్నగా వచ్చింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. మా జిల్లాలో కొండలు విరిగిపడి మనుషులు పోయారు. మా ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. మా పనసచెట్టు కూడా పడింది, బండి అంతకు ముందురోజే మేస్త్రీ షెడ్డుకి వెళ్లడం వల్ల బతికింది. ఆ వారం దాన్ని నడిపినంత నేను ముందూ నడపలేదు, తర్వాతా నడపలేదు. పగలు బియ్యం బస్తాలు, టార్పాలిన్లు, రాత్రి వీధిలో ఇంజన్ ఆన్ చేసి పెట్టి బ్యాటరీకి చిన్న ఇన్వర్టర్ తగిలిస్తే వీధంతా వచ్చి ఫోన్లు చార్జింగు పెట్టుకోవడం. గుమ్మ వైపు మొదటి ట్రిప్పుకి బస్తాలు ఎక్కించామో లేదో వెనక భాగం కూలబడిపోయింది, ఇరుసు ఛాసిస్‌కి కొట్టుకుంటోంది. చెకర్డ్ షీటు మీద వాన నీళ్లకి బస్తాలు జారుతున్నాయి. టార్పాలిన్ కట్టడానికి తాడు తెచ్చాం, కొక్కేలేవీ? ఒక సవర కుర్రాడు తాడు పట్టుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, నా మొహం చూసి నవ్వాడు.

మావయ్య మార్చుకున్నవన్నీ లోడు కోసం, నేను మార్చినవన్నీ ఫొటో కోసం. అప్పుడు అర్థమైంది అనను, అంతకుముందే ఘాటీలో సగం అర్థమైంది, ఒప్పుకోవడానికి తుపాను రావలసి వచ్చింది.

షెడ్డుకి వెళ్లి తలొంచుకుని నిలబడితే మేస్త్రీ ఏమీ అనలేదు. వెనక్కి వెళ్లి గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. నా రెండేసి పట్టీలు, గ్రీజు పూసి, తుప్పు పట్టకుండా. "రేపో మాపో అడుగుతావని తెలుసు" అన్నాడు. సెంటర్ బోల్టులు కొత్తవి వేసి, యూ-బోల్టులు బిగించి సాయంత్రానికి ఇచ్చేశాడు. కొక్కేలు మళ్లీ వెల్డింగు చేయించాం, పద్నాలుగూ కాదు, పన్నెండే. టైర్లు అమ్మేశా, సగం ధర కూడా రాలేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన ఆకారం మార్చకూడదని గట్టిగా చెప్పింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం. నేనప్పటికే వెనక్కొచ్చేశా. గూడ్సు బండి కాబట్టి ఫిట్‌నెస్, టాక్సు, అన్నీ మామూలే, 2022 నుంచి పదిహేనేళ్లు దాటిన బళ్లకి ఫీజులు బాగా పెరిగాయి, దీనికి పెట్టే ఖర్చుతో పాత కారొకటి వచ్చేస్తుందని మా ఆవిడ లెక్క. ఆ లెక్క తప్పని నేననను.

2019లోనే వేసంకాలంలో మా చెల్లెలి పెళ్లికి మావయ్య వచ్చాడు. చూపు బాగా తగ్గిపోయింది, చెయ్యి పట్టుకుని నడిపించాలి. బండి దగ్గరికి తీసుకెళ్తే ముందు మడ్‌గార్డు తడిమాడు, తర్వాత వెనక్కి వెళ్లి పట్టీలు వేలితో లెక్కపెట్టాడు. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డా. సరిపోయాయి. నేల మీద చెయ్యి పెట్టి "చెక్క ఏదిరా?" అన్నాడు. వేయిస్తా మావయ్యా అన్నా. ఎక్కుతానన్నాడు, డ్రైవరు సీట్లో కూర్చోబెట్టా, నేను పక్కన కూర్చున్నా.

ఎడమ చెయ్యి నేరుగా స్టీరింగ్ కిందకి వెళ్లింది. రంగేసిన చోట అరచెయ్యి పెట్టి, అటూ ఇటూ వెతికి, మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. "రిలే పెట్టించాను మావయ్యా, ఇప్పుడు బటను అక్కర్లేదు, తాళం తిప్పితే చాలు" అన్నా. విన్నాడో లేదో. చెయ్యి అక్కడే నొక్కి పట్టుకుని మొదలెట్టాడు. ఎకొ, దుయి, తిని. నేను పక్కనుంచి తాళం తిప్పా, పసుపు లైటు వెలిగి ఆరింది, పాంచొ, ఛొ, సెల్ఫు కొట్టా, సాతొ దగ్గర ఇంజన్ అందుకుంది. ఆయన మాత్రం ఆపలేదు. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో అంకె అలాగే చెప్పుకుంటూ కొడియె దాకా వెళ్లి, అప్పుడు చెయ్యి తీసి గేరు మీద వేశాడు. కాసేపలా ఉండి, "టీ తాగుదాం పద" అని దిగిపోయాడు.

మర్నాడు మేస్త్రీ దగ్గరికెళ్లి అలాంటి బటను దొరుకుతుందా అని అడిగా. టేబులు సొరుగు లాగి తీశాడు. అదే బటను, నొక్కీ నొక్కీ మధ్యలో నలుపు పోయి ఇత్తడి బయటపడింది.

"వైరు ఇవ్వమంటావా, ఊరికే బిగించమంటావా?" అన్నాడు.

ఇవ్వమన్నా. ఎంసీల్ పెంకుని ఉలితో పొడుస్తుంటే నేనేయించిన రంగు కూడా చుట్టూ లేచిపోయింది, దానికి మళ్లీ రంగు వేయించలేదు. రిలే తీసేసి పక్కన పెట్టాడు. బటనుకి డబ్బులు తీసుకోలేదు, లేబరు నూట యాభై.